పరీక్ష ముగిశాక తెరిచే చెక్‌లిస్టు: గీకీ మెడిక్స్ సమీక్ష

క్లినికల్ ప్రాక్టికల్స్ మధ్యాహ్నానికి అయిపోతాయి. సాయంత్రం హాస్టల్ గదిలో ఫోన్ తీసి కార్డియోవాస్కులర్ ఎగ్జామినేషన్ అని కొడితే పైన వచ్చేవాటిలో గీకీ మెడిక్స్ అనే వైద్య విద్యార్థుల వెబ్‌సైటు తప్పకుండా ఉంటుంది. ఒక్కో లైను చదువుతూ ఇది చేశానా, ఇది వదిలేశానా అని వెనక్కి లెక్కపెట్టుకోవడం మొదలవుతుంది. పేజీ సగానికి వచ్చేసరికి వదిలేసినవి పది తేలతాయి. ఇక ఆ రాత్రి నిద్ర ఉండదు. ఈ సైటు పరీక్షకు ముందు ఎంత పనికొస్తుందో చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను చూసింది మరో ప్రశ్న కోసం. పరీక్ష ఇచ్చి వచ్చాక మన తప్పులు కొలుచుకోవడానికి ఇది సరైన తూనికేనా?

కాదు. సైటు మంచిదే, అందులో ఉన్న విషయమూ సరైనదే. కానీ ఆ పేజీ, ఎగ్జామినర్ చేతిలో ఉన్న కాగితం ఒకటి కావు. ఈ తేడా తెలియక మన పిల్లలు వారాల తరబడి కుమిలిపోతున్నారు కాబట్టి దీన్ని కాస్త వివరంగా చెప్పాలి.

ముందు సైటు గురించి. బ్రిటన్‌లో డాక్టర్ లూయిస్ పాటర్ 2010లో మొదలుపెట్టారు. గుండె, ఊపిరితిత్తులు, పొట్ట, క్రేనియల్ నర్వ్‌లు, కీళ్లు, ఇలా ప్రతి సిస్టమ్‌కి ఒక గైడ్ ఉంది. రక్తం తీయడం, కాన్యులా, క్యాథెటర్, ఏబీజీ (ధమని రక్తంలో వాయువుల పరీక్ష) లాంటి ప్రొసీజర్లకీ, హిస్టరీ తీసుకోవడానికీ, చెడు వార్త చెప్పడానికీ విడివిడిగా ఉన్నాయి. గైడ్‌తో పాటు ఫొటోలు, చాలావాటికి వీడియో, చివర్లో చెక్‌లిస్టు. గైడ్లు ఉచితం. స్టేషన్ల బ్యాంకు, ఫ్లాష్‌కార్డుల లాంటివాటికి డబ్బు కట్టాలి. ఇంగ్లిష్ తేలిక, వాక్యాలు చిన్నవి. ఫొటోల్లో చెయ్యి ఎక్కడ పెట్టాలో, వేలు ఎటు తిప్పాలో స్పష్టంగా కనిపిస్తుంది. ఒక్క విషయంలో మాత్రం దీనికి సాటి వచ్చే ఉచిత వనరు నాకు కనిపించలేదు. వరసను చేతికి అలవాటు చేయించడంలో ఇది నిజంగా గొప్పది. చేతుల నుంచి మొదలై నాడి, మెడ, ముఖం, ఛాతీ, వీపు, కాళ్ల వరకు శరీరం మీద ఒకే దిశలో నడిపిస్తుంది. పేషెంటును పదిసార్లు లేపి పడుకోబెట్టే అవసరం రాదు.

చిక్కు వచ్చేదీ ఇక్కడే. గుండె గైడ్‌నే తీసుకోండి. పేషెంటును తాకకముందే చేతులు కడుక్కోవడం, మన పేరు, హోదా చెప్పడం, పేషెంటు పేరు, పుట్టిన తేదీ అడగడం, చేయబోయేది వివరించడం, అనుమతి తీసుకోవడం, మంచాన్ని 45 డిగ్రీలకు లేపడం, ఛాతీ మీద బట్ట తీయించడం, నొప్పి ఉందా అని అడగడం. తర్వాత చేతుల్లో రంగు, వెచ్చదనం, క్యాపిల్లరీ రీఫిల్, క్లబ్బింగ్, స్ప్లింటర్ హెమరేజ్‌లు, జేన్‌వే లీజన్లు, ఆస్లర్ నోడ్‌లు, జాంథోమాలు. ఆపైన రేడియల్ నాడి, రెండు చేతులా ఒకేసారి నాడి, కొలాప్సింగ్ పల్స్ (ఎగిసి చటుక్కున పడిపోయే నాడి), బ్రేకియల్, బీపీ, కెరోటిడ్, జేవీపీ (మెడ సిరలో కనిపించే ఒత్తిడి), హెపటోజుగులర్ రిఫ్లక్స్. కళ్లలో మూడు నాలుగు, నోట్లో మూడు నాలుగు. ఛాతీ మీద మచ్చలు, ఏపెక్స్, హీవ్, థ్రిల్, నాలుగు వాల్వ్‌లు, ఎడమ పక్కకు తిప్పి స్టెతస్కోప్ బెల్‌తో ఒకసారి, ముందుకు వంచి డయాఫ్రమ్‌తో ఒకసారి. ఊపిరితిత్తుల అడుగున, నడుము దగ్గర వాపు, కాళ్ల వాపు, కాలి మీద బైపాస్ కోసం సిర తీసిన మచ్చ. విడివిడిగా లెక్కేస్తే యాభై దాటతాయి. ఓస్కీ (గడియారం పెట్టి, ఒక్కో స్టేషన్‌లో ఒక్కో పనిని చూసే క్లినికల్ పరీక్ష) స్టేషన్ 8 నిమిషాలనుకుంటే 480 సెకన్లు, అంటే ఒక్కోదానికి పది సెకన్లు కూడా రావు. జేవీపీని మెడ కాస్త పక్కకు తిప్పించి, కండరం సడలనిచ్చి, వెలుతురు పక్కగా పడేలా చూసుకుని నిజంగా కనిపెట్టాలంటే దానికే అర నిమిషం పోతుంది.

అంటే ఆ గైడ్ చేయదగ్గవన్నీ ఒకచోట పోగేసిన పూర్తి జాబితా. ఏ ఒక్క స్టేషన్‌లోనూ అవన్నీ అడగరు. మైట్రల్ స్టెనోసిస్ (మైట్రల్ వాల్వ్ సన్నబడిన) పేషెంటును పెట్టినచోట ఎడమ పక్కకు తిప్పి, ఊపిరి వదిలించి, బెల్‌తో విన్నారా అన్నదానికి విలువ ఉంటుంది. ఆ స్టేషన్‌లో కంటి చుట్టూ జాంథెలాస్మా (పచ్చటి కొవ్వు మచ్చలు) చూడటం మర్చిపోతే పోయేది పెద్దగా ఏమీ లేదు. సైటు పేజీలో మాత్రం ఈ రెండూ ఒకే సైజు అక్షరాల్లో, ఒకే రకం చుక్క పక్కన ఉంటాయి. ఏది గింజ, ఏది పొట్టు అని పేజీ చెప్పదు. కంగారులో ఉన్న మనసుకు అన్నీ గింజలే.

ఓస్కీ అనే పద్ధతిని స్కాట్లాండ్‌లోని డండీలో రోనాల్డ్ హార్డెన్ బృందం 1975లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వివరించింది. అందరికీ ఒకే ప్రశ్న, ఒకే కొలత ఉండాలన్నది దాని ఉద్దేశం. అందుకే తొలినాళ్లలో టిక్కుల చెక్‌లిస్టు రాజ్యమేలింది. తర్వాత ఆ టిక్కుల మీదే అనుమానాలు వచ్చాయి. 1999లో టొరంటోలో బ్రయాన్ హాడ్జెస్ బృందం వైద్య విద్యార్థులనూ, రెసిడెంట్లనూ, ప్రాక్టీసులో ఉన్న ఫ్యామిలీ డాక్టర్లనూ ఒకే స్టేషన్లలో కూర్చోబెట్టింది. చెక్‌లిస్టు మార్కుల్లో అనుభవమున్న డాక్టర్లు విద్యార్థుల కంటే వెనకబడ్డారు. చేయి తిరిగిన డాక్టరు ఇరవై ప్రశ్నలు అడగడు, పేషెంటు దారిని పట్టుకుని ఆరో ఏడో అడిగి విషయానికి వచ్చేస్తాడు. టిక్కులు లెక్కపెట్టే కాగితానికి ఆ నేర్పు పట్టుబడదు. మొత్తంగా ఎలా చేశాడని పరీక్షకుడు ఇచ్చే గ్లోబల్ రేటింగ్‌కి అందుతుంది. పెద్ద పరీక్షలు చాలావరకు అటే జరగడానికి ఇదొక ముఖ్య కారణం.

బ్రిటన్‌లో ప్రాక్టీసు చేయాలనుకునే విదేశీ డాక్టర్లకు పెట్టే, మన తెలుగు డాక్టర్లు ఎక్కువగా రాసే ప్లాబ్ 2 ఆ దారిలోదే. మాంచెస్టర్‌లో బ్రిటన్ జనరల్ మెడికల్ కౌన్సిల్ కేంద్రంలో జరుగుతుంది. 16 సీన్లు (అంటే స్టేషన్లే), ఒక్కోటి 8 నిమిషాలు, తలుపు బయట చదువుకోవడానికి నిమిషంన్నర. మార్కులు మూడు విభాగాల్లో పడతాయి. సమాచారం రాబట్టడం, పరీక్ష చేయడం ఒకటి. వైద్య నిర్ణయం, మేనేజ్‌మెంట్ ఒకటి. పేషెంటుతో వ్యవహారం ఒకటి. ఒక్కోదానికి నాలుగు చొప్పున సీనుకి పన్నెండు. చేతులు కడుక్కోలేదు, ఒక మార్కు కోత, అనే లెక్క అందులో ఉండదు. చేతులు కడుక్కోకపోవడం మొదటి విభాగంలో మొత్తం తీరులో ఒక అంశంగా కలిసిపోతుంది.

పాస్ మార్కు పెట్టే తీరు తెలిస్తే సగం కంగారు అక్కడే తగ్గుతుంది. బోర్డర్‌లైన్ రిగ్రెషన్ అనే పద్ధతి అది. ప్రతి సీన్‌లో ఎగ్జామినర్ మార్కులు వేయడంతో పాటు ఈ అభ్యర్థి మొత్తానికి ఎలా ఉన్నాడని విడిగా ఒక తీర్పు ఇస్తారు. అందరి మార్కులనూ, అందరి తీర్పులనూ ఒక గ్రాఫ్ మీద పెట్టి గీత గీస్తారు. బొటాబొటీ అనే తీర్పు దగ్గర ఆ గీత ఎన్ని మార్కులు చూపిస్తుందో అదే ఆ సీన్ పాస్ మార్కు. సీను కష్టంగా ఉండి అందరికీ మార్కులు తక్కువ పడితే పాస్ మార్కు కూడా దిగుతుంది. 'ఆ స్టేషన్ నాకు అస్సలు అర్థం కాలేదు' అని వారం రోజులు ఏడ్చేవాళ్లు, అది మిగతావాళ్లకూ అర్థమై ఉండకపోవచ్చని గుర్తు పెట్టుకోవాలి. రెండో మాట, ఒక సీన్‌లో పోయిన మార్కులు మరో సీన్‌లో పూడతాయి. మొత్తం మార్కు దాటాలి, పాసైన సీన్ల సంఖ్య కనీస సంఖ్యకు తగ్గకూడదు. ఈ రెండే షరతులు. ఒక్క సీన్ పూర్తిగా పోయినంత మాత్రాన పరీక్ష పోదు. ఫలితం నాలుగు వారాల్లోపు వస్తుంది. ఆ నాలుగు వారాలూ సైటు తెరిచి కూర్చుని లెక్కపెట్టుకున్న మార్కుకీ, అసలు మార్కుకీ పొంతన ఉండదు, ఎందుకంటే మీరు లెక్కపెట్టింది ఆ పరీక్ష లెక్క కాదు.

మన యూనివర్సిటీ ప్రాక్టికల్స్ సంగతి వేరు. విజయవాడ ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ అయినా, వరంగల్ కాళోజీ యూనివర్సిటీ అయినా ఫైనలియర్‌లో లాంగ్ కేసు (ఒక పేషెంటును పూర్తిగా చూసి చెప్పడం), షార్ట్ కేసులు (ఒక భాగాన్నే త్వరగా చూడటం), వైవా (నోటి ప్రశ్నలు) అనే పాత చట్రమే పునాది. 2019 బ్యాచ్‌తో కొత్త సిలబస్ వచ్చాక ఓస్కీ స్టేషన్లు, స్కిల్ ల్యాబ్ దానికి జతపడ్డాయి. సాధారణంగా నలుగురు ఎగ్జామినర్లు ఉంటారు, అందులో సగం మంది బయటి కాలేజీల నుంచి వస్తారు. ఇక్కడ గ్రాఫూ లేదు, గీతా లేదు. లాంగ్ కేసులో చూసేది మీరు చెప్పిన కథ, మీకు దొరికిన ఫైండింగ్స్, మీరు చేసిన డయాగ్నసిస్ ఒకదానికొకటి అతుకుతున్నాయా లేదా అన్నదే. హిస్టరీలో ఆయాసం అని చెప్పి, పరీక్షలో మర్మర్ (గుండెలో అదనపు చప్పుడు) చెప్పి, చివరికి లివర్ జబ్బు అంటే అక్కడ పోతుంది. కొలాప్సింగ్ పల్స్ చూడలేదన్న కారణంతో ఎవరినీ ఫెయిల్ చేయరు. అయోర్టిక్ రిగర్జిటేషన్ (అయోర్టిక్ వాల్వ్ లీకయ్యే) పేషెంటు ముందు నిలబడి అది చూడకపోతే మాత్రం గట్టిగా అడుగుతారు. గీకీ మెడిక్స్ పేజీతో లాంగ్ కేసు తప్పులు వెతుక్కోవడం మీటరు కర్రతో పాలు కొలిచినట్టు.

మరైతే పరీక్ష అయ్యాక నిజంగా పట్టించుకోవాల్సిన తప్పులు లేవా? ఉన్నాయి, కొన్నే. వాటిని గుర్తుపట్టడానికి ఒక ప్రొసీజర్‌ను దగ్గరగా చూద్దాం. రక్తం తీయడం అందరూ చేసేది, సైటులో గైడ్ కూడా బాగుంది.

టూర్నికే (చేతికి బిగించే పట్టీ) సూది గుచ్చే చోటుకి నాలుగైదు వేళ్ల వెడల్పు పైన కట్టాలి. చర్మాన్ని 70 శాతం ఆల్కహాల్‌తో అర నిమిషం తుడిచి, మరో అర నిమిషం ఆరనివ్వాలి. తడిగా ఉండగా గుచ్చితే మంట పుడుతుంది, క్రిములూ పూర్తిగా చావవు. తుడిచాక మళ్లీ వేలితో తడిమితే మొదటికొస్తుంది. సూది ఏటవాలు ముఖం పైకి ఉంచి, 30 డిగ్రీలు దాటకుండా గుచ్చాలి. రక్తం చాలినంత రాగానే ముందు టూర్నికే వదలాలి, తర్వాతే సూది తీయాలి, ఆ వెంటనే దూదితో నొక్కి పట్టాలి. సూదికి మళ్లీ క్యాప్ పెట్టకూడదు, నేరుగా షార్ప్స్ డబ్బాలోకి వెళ్లాలి. రక్తం నింపే గొట్టాల వరస, మూత రంగుల ప్రకారం, కల్చర్, నీలం, సీరం, ఆకుపచ్చ, ఊదా, బూడిద. ఊదా గొట్టంలో ఉండేది పొటాషియం ఈడీటీఏ. అది సీరం గొట్టానికి అంటితే పొటాషియం ఎక్కువగా, కాల్షియం తక్కువగా వస్తాయి. ఆ రిపోర్టు చూసి ఎవరో పేషెంటుకు లేని జబ్బుకు మందు వేస్తారు.

ఇందులో పరీక్ష రోజున సాధారణంగా జరిగే పొరపాట్లు రెండు రకాలు. పుట్టిన తేదీ అడగడం మర్చిపోవడం, గొట్టాన్ని తలకిందులు చేయడంలో ఒకటి రెండు తక్కువ కావడం, 'అయిపోయిందండీ, థాంక్స్' అనకపోవడం ఒక రకం. టూర్నికే వదలకుండా సూది లాగేయడం, సూదికి క్యాప్ పెట్టబోవడం, పేరు సరిచూడకుండా గొట్టానికి లేబుల్ అంటించడం రెండో రకం. టూర్నికే కట్టి ఉండగా సూది లాగితే సిరలో ఒత్తిడికి రక్తం చర్మం కిందికి చిమ్మి బొప్పి కడుతుంది. క్యాప్ పెట్టడం మీ వేలికి సూది గుచ్చుకునే దారి. తప్పు లేబుల్ అంటే ఒకరి రక్తం రిపోర్టు మరొకరికి పోవడం. ఈ రెండో రకమే అసలైన తప్పు. ఎగ్జామినర్లు రెండో రకాన్ని గట్టిగా చూస్తారు, మొదటి రకాన్ని చూసీ చూడనట్టు వదిలేస్తారు. సైటు గైడ్ రెండింటినీ ఒకే చూపుతో చూస్తుంది. ప్రమాదకరమైన మెట్టు పక్కన ఎర్ర గుర్తు పెట్టి ఉంటే ఎంత బాగుండేది! ఇంత చక్కని గైడ్లలో నాకు కనిపించిన పెద్ద లోటు అదే.

సీపీఆర్ స్టేషన్‌కీ ఇదే లెక్క. నిమిషానికి 100 నుంచి 120 నొక్కులు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు, 30 నొక్కులకు 2 ఊపిర్లు, ప్రతి నొక్కు తర్వాత ఛాతీని పూర్తిగా పైకి రానివ్వడం. వీటిలో ఏదైనా తప్పి ఉంటే అది సరిచేసుకోవాల్సిన తప్పే, పరీక్ష పాసైనా సరే. సహాయం కోసం పిలిచే మాట మెత్తగా చెప్పానే అన్న బాధ అక్కర్లేదు. పొట్ట పరీక్షలో స్ప్లీన్‌ను (ప్లీహాన్ని) ఎడమ పక్కటెముకల దగ్గర నుంచే తడమడం మొదలుపెడితే అది తేలికైన తప్పు కాదు. బాగా పెరిగిన స్ప్లీన్ అయితే దాని అంచు మీ చేతి కిందే దాటిపోతుంది, స్ప్లీన్ పెరగలేదని పొరబడతారు. కుడి వైపు కింద నుంచి, పేషెంటు ఊపిరి పీల్చినప్పుడల్లా ఎడమ పక్కటెముకల వైపు జరుగుతూ పోవాలి. సైటులో ఇది సరిగ్గా ఉంది. షిఫ్టింగ్ డల్‌నెస్‌కి (పొట్టలో నీరుందా అని తట్టి చూసే పరీక్షకి) పేషెంటును తిప్పాక వెంటనే కొట్టకుండా అర నిమిషం ఆగమని కూడా చెప్తుంది. ఆ అర నిమిషం ఆగనివాళ్లకి నీరు ఉన్నా లేనట్టే వినిపిస్తుంది.

ఇంకో తప్పు ఏ చెక్‌లిస్టులోనూ ఉండదు, అన్నిటికంటే పెద్దది అదే. చూడనిదాన్ని చూశానని చెప్పడం. వైవాలో 'జేవీపీ ఎంత' అంటే కంగారులో 'నార్మల్ సార్' అనేస్తారు. 'చూడలేదు సార్, ఇప్పుడు చూస్తాను' అన్నవాళ్లకి పోయేది కొంచెం. చూడకుండా నార్మల్ అన్నాక ఎగ్జామినర్ మెడ మీద వేలు పెట్టి చూపిస్తే పోయేది ఆ కేసు మొత్తం. ఈ తప్పు మీరు చేసి ఉంటే దాన్ని గుర్తు పెట్టుకోండి, రేపు వార్డులో అదే మాట కేస్ షీట్‌లో ఎక్కుతుంది.

మన వార్డులకు ఈ సైటు ఎక్కడ అతకదో కూడా చెప్పాలి. జనరల్ ఎగ్జామినేషన్‌లో మన దగ్గర పల్లర్, ఇక్టెరస్, సయనోసిస్, క్లబ్బింగ్, లింఫడెనోపతి, ఎడిమా అని ఒక వరసలో చెప్పి తీరాలి. సైటులో అవి వేర్వేరు సిస్టమ్స్‌లో చెల్లాచెదురుగా ఉంటాయి. ఆ వరస కోసం దీన్ని నమ్ముకుంటే బయటి ఎగ్జామినర్ ముందు తడబడతారు. రుమాటిక్ గుండె జబ్బు, టీబీ ప్లూరల్ ఎఫ్యూజన్, పెద్ద స్ప్లీన్ మన షార్ట్ కేసుల్లో రోజూ ఉండేవి. వాటి గ్రేడింగులు, వైవా ప్రశ్నలు ఇందులో వెతక్కండి. బ్రిటన్ పరీక్షకు రాసిన గైడ్ అది, దాని తప్పు కాదు.

హిస్టరీ గైడ్లు ఇంకా దూరం. పేషెంటు 'కళ్లు తిరుగుతున్నాయి' అంటాడు. అది వర్టిగోనా, కళ్లు చీకట్లు కమ్మి పడిపోబోవడమా? 'చుట్టూ ఉన్నవి గిర్రున తిరుగుతున్నట్టుందా, లేక లేచి నిలబడితే చీకట్లు కమ్ముతున్నాయా' అని తెలుగులో విడదీసి అడగాలి. 'గుండెల్లో మంట' అంటే ఒకరికి ఎసిడిటీ, మరొకరికి యాంజైనా (గుండెకు రక్తం చాలక వచ్చే నొప్పి). 'గ్యాస్ పట్టేసింది' అన్న పెద్దాయనను నడిస్తే పెరుగుతుందా, ఆగితే తగ్గుతుందా, ఎడమ చేతికి పాకుతుందా అని అడగకపోతే అది నిజమైన తప్పు. 'తిమ్మిర్లు' అంటే స్పర్శ తెలియడం లేదా, చీమలు పాకినట్టుందా, చేతిలో పట్టు తప్పుతోందా? చెక్‌లిస్టులో ఉన్న ప్రశ్నలన్నీ ఇంగ్లిష్‌లో వరసగా అడిగి, అనువదించి, టిక్కులన్నీ పెట్టేసుకున్న విద్యార్థి ఇక్కడ దెబ్బతింటాడు. ఇంటికొచ్చి సైటు తెరిస్తే అన్నీ అడిగినట్టే కనిపిస్తాయి. వదిలేసిన చోటు పేజీలో లేదు కాబట్టి దొరకదు.

చెక్‌లిస్టుతో వెనక్కి లెక్కపెట్టుకోవడం ఎందుకు మోసం చేస్తుందో మరో కారణం కూడా ఉంది. రోజూ చేసి చేసి అలవాటైన పని మనసులో ముద్ర వేయదు. చేతులు కడుక్కున్నానా అని ఎంత ఆలోచించినా గుర్తుకు రాదు, తలుపు తాళం వేశానా అన్నట్టే. గుర్తు రాలేదు కాబట్టి చేయలేదని తీర్మానించేస్తారు. స్కిల్ ల్యాబ్‌లో రెండు మూడు నెలలు సాధన చేసినవాళ్లు ఆ మెట్టు చేసే ఉంటారు, ఎక్కువ అవకాశం అదే. తడబడిన చోటు మాత్రం అక్షరం అక్షరం గుర్తుంటుంది. కాబట్టి జ్ఞాపకం నుంచి తయారైన జాబితాలో తప్పులు అసలుకంటే ఎక్కువే తేలతాయి. స్నేహితులతో సరిపోల్చుకుంటే ఇంకా పెరుగుతుంది. మన యూనివర్సిటీ ప్రాక్టికల్స్‌లో పక్కవాడికి వచ్చిన పేషెంటే వేరు, అతని డయాగ్నసిస్‌తో మీది కలవాల్సిన పనే లేదు. ప్లాబ్ 2 రాసినవాళ్లకైతే ఇంకో జాగ్రత్త. సీన్లలో ఏం వచ్చిందో బయట పంచుకోవడాన్ని కౌన్సిల్ నిషేధించింది. కంగారులో వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపుల్లో స్టేషన్లన్నీ రాసి 'నేను పాసవుతానా' అని అడిగితే చిన్న భయం పోయి పెద్ద చిక్కు వచ్చి పడుతుంది.

అయినా సైటు తెరవకుండా ఉండలేం అనేవాళ్లకి ఒక పద్ధతి చెప్తాను. రేపు మరో సబ్జెక్ట్ ప్రాక్టికల్ ఉంటే అసలు తెరవొద్దు. మెడిసిన్ అయిన రాత్రి మెడిసిన్ తప్పులు వెతికితే మర్నాడు సర్జరీ కేసు దెబ్బతింటుంది. ఫైనలియర్‌లో ఎక్కువమందికి జరిగే నష్టం ఇదే. మొత్తం ప్రాక్టికల్స్ అయిపోయాక ఒక కాగితం తీసుకుని, సైటు చూడకుండా, పావుగంటలో గుర్తున్న తప్పులన్నీ రాయండి. వాటిలో పేషెంటుకు హాని చేసేవి, డయాగ్నసిస్‌ను మార్చేసేవి, చూడకుండా చెప్పినవి మాత్రం గుండ్రంగా చుట్టండి. మామూలుగా అవి మూడు నాలుగు మించవు. మిగతావాటి మీద గీత కొట్టేయండి. అప్పుడు చుట్టినవాటికి సంబంధించిన గైడ్ మాత్రమే, ఆ భాగం మాత్రమే తెరవండి. చదివి ఊరుకోకుండా స్కిల్ ల్యాబ్ బొమ్మ మీదో, రూమ్మేట్ మీదో ఒక్కసారి చేతితో చేయండి. ఈ వాడకంలో గీకీ మెడిక్స్‌కి పూర్తి మార్కులు. అరగంటలో ముగించి కాగితం చించేయండి.

పరీక్ష నిజమైన పేషెంటు మీద జరిగి, మీ వల్ల ఏదైనా మిగిలిపోయిందన్న అనుమానం ఉంటే, సూది మంచం మీద వదిలేశానేమో, చేతికి టూర్నికే అలాగే ఉండిపోయిందేమో, మళ్లీ మళ్లీ గుచ్చిన చోట వాపు వచ్చిందేమో అనిపిస్తే, సైటు జోలికి పోకుండా వెంటనే వార్డు సిస్టర్‌కి గానీ డ్యూటీ డాక్టర్‌కి గానీ ఫోన్ చేయండి. మార్కులకు దీనితో సంబంధం లేదు, పేషెంటుకు ఉంది. ఇక రోజులు గడిచినా నిద్ర పట్టకపోవడం, తిండి సహించకపోవడం, బతకడం ఎందుకన్న ఆలోచనలు వస్తుంటే చెక్‌లిస్టులతో తీరే విషయం కాదది. మానసిక ఆరోగ్య సహాయానికి ప్రభుత్వ ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. అమ్మానాన్నలకు చెప్పడానికి మొహమాటపడే పిల్లలు మన కాలేజీల్లో చాలామంది ఉన్నారు. అలాంటివాళ్లు పక్క గదిలో ఉంటే ఆ నంబరు మీరే కలిపి ఇవ్వండి.

డబ్బు కట్టాలా వద్దా అన్నది చివరి ప్రశ్న. యూనివర్సిటీ ప్రాక్టికల్స్ వరకే అయితే అక్కర్లేదు, ఉచిత గైడ్లూ, మీ వార్డు పేషెంట్లూ చాలు. ప్లాబ్ 2కి వెళ్లేవాళ్లకి పెయిడ్ స్టేషన్లు పనికొస్తాయి. అభ్యర్థికి ఇచ్చే సూచన, పేషెంటు పాత్రకు మాటలు, మార్కుల పట్టీ విడివిడిగా ఉంటాయి కాబట్టి ఇద్దరు కూర్చుని గడియారం పెట్టుకుని చేయొచ్చు. ఒక్కరే కూర్చుని చదవడానికైతే కొనొద్దు. ఇద్దరూ చేసేటప్పుడు కూడా మార్కుల పట్టీలో టిక్కులు పెట్టడం మొదటి వారానికే పరిమితం చేయండి. రెండో వారం నుంచి పేషెంటుగా కూర్చున్నవాళ్లు 'ఈ డాక్టర్ దగ్గరికి మా నాన్నను పంపిస్తానా' అన్న ఒక్క ప్రశ్నకే జవాబు రాయాలి.

చెక్‌లిస్టులను ప్రింట్ తీసుకుంటే ప్రమాదకరమైన మెట్ల పక్కన ఎర్ర పెన్నుతో మీరే గుర్తు పెట్టుకోండి, సైటు చేయని పని అది. ఆఖరి ప్రాక్టికల్ అయిన రోజు సాయంత్రం చుట్టిన తప్పుల పని ముగించుకుని, ఆ కట్టను జూనియర్‌కి ఇచ్చేయండి.